విండోస్ యంత్రంపై పెర్ల్ భాష : తెలుగు, ఉర్దూ అక్షరాల కష్టసుఖాలు

మన నగరానికి పడమటి దిక్కున, మాధాపూర్ బండరాళ్ళ నడుమ, 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ అనే గుండ్రని భవనాన్ని ప్రారంభించారు. హైటెక్ సిటీ అని మనమందరం పిలుచుకొనే ప్రాంతానికి అదే తొలి గుర్తు. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పింది. ట్రిపుల్ ఐటీ అనే పేరుతో ప్రసిద్ధమైన సమాచార సాంకేతిక విద్యాసంస్థ వెలసినదీ ఆ సంవత్సరమే. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడినదీ ఆ సంవత్సరమే. విండోస్‌ను తయారుచేసే సంస్థ, తెలుగును కంప్యూటరుకు నేర్పే పరిశోధకులు, ఉర్దూకు ఉన్నత విద్యాపీఠం, ఈ మూడూ నేడు గచ్చిబౌలి పరిసరాలలో ఇరుగుపొరుగుగా ఉన్నవి. అయినప్పటికీ మన కళాశాలలో చదివే రహీం అనే విద్యార్థి పేరును తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పంపితే, అది చెక్కుచెదరకుండా చేరుతుందన్న ధీమా మనకింకా కలుగలేదు.

ఒక సంవత్సరం విద్యార్థి వేతనాల జాబితా ఒక కార్యాలయం నుండి సవరణకై మన కళాశాలకు తిరిగి వచ్చినప్పుడు, పేర్లు ఉండవలసిన గడులలో వరుసగా ప్రశ్నార్థక చిహ్నాలు మాత్రమే ఉన్నవి. గడువు మూడు దినాలు. పేరు లేని విద్యార్థికి వేతనం రాదు. ఆ మూడు దినాలలో కంప్యూటరు విభాగపు సహోద్యోగులు, తుది సంవత్సరపు విద్యార్థులు, మా తెలుగు శాఖవారు కలిసి కూర్చుండి పెర్ల్ భాషలో ఒక చిన్న ప్రోగ్రామును వ్రాసి జాబితాను సరిచేశారు. నాటినుండి ఆ ప్రోగ్రాము కళాశాల ప్రయోగశాలలోని విండోస్ యంత్రాలపైననే నడుస్తున్నది. దానిని నడపడంలో ప్రతి సంవత్సరం క్రొత్త విద్యార్థులు అవే అవాంతరాలను ఎదుర్కొంటున్నారు. అవి ఎక్కడినుండి వస్తున్నవో, వాటిని ఎట్లా గుర్తుపట్టవలెనో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆదేశాలను తెలుగు లిపిలో వాటి ఉచ్చారణనుబట్టి ఇచ్చాం. యంత్రంపై టైపు చేసేటప్పుడు ఆంగ్లాక్షరాలనే వాడవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగు శాఖవారికి పెర్ల్‌తో ఏమి పని అని పాఠకులు సందేహింపవచ్చును. ఈ భాషను 1987 డిసెంబరు 18వ తేదీన లోకానికి అందించిన ల్యారీ వాల్ అమెరికా దేశీయుడు, భాషాశాస్త్రం అభ్యసించినవాడు. ఆ చదువు ఆయన రచనలో అడుగడుగునా కనిపిస్తుంది. పెర్ల్‌లో ఒకే వస్తువును సూచించే నామానికి ముందు డాలరు గుర్తు, అనేక వస్తువులను సూచించే నామానికి ముందు ఆంగ్లపు ‘ఎట్’ గుర్తు ఉంటాయి. అనగా ఏకవచనం, బహువచనం. తెలుగులో వలెనే ద్వివచనం లేదు. ‘అది’ అనే సర్వనామం వంటి ఒక గుర్తు కూడా ఉన్నది. చాలాచోట్ల దానిని వ్రాయకున్నా యంత్రం గ్రహిస్తుంది. “వచ్చాడు, తిన్నాడు, వెళ్ళాడు” అని కర్తను విడిచి మాటలాడే మనకు ఇందులో వింత ఏమున్నది? వాక్యంలో ఒక ఆకృతిని వెదకడం, దానిని మరొక ఆకృతిగా మార్చడం ఈ భాషకు వెన్నతో పెట్టిన విద్య. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ భాషా సాంకేతిక పరిశోధన కేంద్రంవారు తెలుగు వాక్యాన్ని పదబంధాలుగా విడదీసే ఉపకరణాన్ని వెలువరించినప్పుడు, అందులో అనేక భాగాలు పెర్ల్‌లోనే వ్రాశారు.

అయితే ఆ ఉపకరణం లినక్స్ యంత్రాలను దృష్టిలో ఉంచుకొని తయారైనది. పెర్ల్ కూడా యూనిక్స్ అనే పుట్టింటిలో పెరిగి విండోస్ అనే అత్తవారింటికి వచ్చిన కోడలు వంటిది. ఆ ఇంటి ఆచారాలు వేరు, ఈ ఇంటి ఆచారాలు వేరు. వరుస ముగింపు గుర్తు మొదలుకొని ఫైలు పేరు వరకు అన్నిటా తేడాలే. 1999లో మైక్రోసాఫ్ట్, యాక్టివ్‌స్టేట్ అనే కెనడా సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని విండోస్‌పై పెర్ల్‌ను మెరుగుపరచడానికి ధనసహాయం చేసింది. తరువాత ఆడమ్ కెనెడీ ప్రారంభించిన స్ట్రాబెర్రీ పెర్ల్ వచ్చింది. విద్యార్థులకు మేము సూచించేది దీనినే. ఇందులో సీ భాషా కంపైలరు కూడా కలిసి ఉన్నందున, సీపాన్ అనే సార్వజనిక భాండాగారం నుండి తెచ్చుకొన్న మాడ్యూళ్ళు చాలావరకు ఇంటివద్దనే తయారవుతాయి. దీనిని సి డ్రైవులో పేరు మధ్య ఖాళీలు లేని ఫోల్డరులోనే ఉంచడం మేలు. ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అనే పేరులోని ఖాళీ స్థలం ఎందరు విద్యార్థుల సాయంకాలాలను మ్రింగివేసిందో లెక్కలేదు.

మొట్టమొదటి అవాంతరం ప్రోగ్రాము మొదలుకాకముందే ఎదురవుతుంది. ఫైలుపై రెండుసార్లు నొక్కగానే నల్లని కిటికీ తళుక్కున మెరిసి మాయమవుతుంది. ప్రోగ్రాము నడిచినదే, చెప్పవలసినది చెప్పి నిష్క్రమించింది, చదువుకొనే వ్యవధి మనకు ఇవ్వలేదు. కనుక ముందుగా కమాండు కిటికీని తెరచి, అందులో ‘పెర్ల్’ అని, ఆపైన ఫైలు పేరు టైపు చేయవలెను. అప్పుడు ‘ఇట్టి కమాండు లేదు’ అనే అర్థంలో సమాధానం వస్తే, పెర్ల్ ఉన్న ఫోల్డరు ‘పాత్’ అనే జాబితాలో చేరలేదని గ్రహించవలెను. స్థాపన జరిగినప్పుడు తెరచి ఉన్న కిటికీకి ఆ చేరిక తెలియదు. దానిని మూసి క్రొత్తది తెరవవలెను. ఫైలు ఉన్నప్పటికీ ‘లేదు’ అని యంత్రం మొండికేస్తే, నోట్‌ప్యాడ్ మీ ఫైలు పేరు చివర గుట్టుగా ‘టీఎక్స్‌టీ’ అనే తోకను తగిలించిందేమో చూడండి. విండోస్ ఆ తోకలను దాచే అలవాటు కలది.

పుస్తకాలలోని ఉదాహరణలు పనిచేయవని కొందరు విద్యార్థులు ఫిర్యాదు చేస్తుంటారు. కారణం సామాన్యమైనది. ఒక్క వరుసలో వ్రాసే ప్రోగ్రాములను యూనిక్స్‌వారు ఒంటి ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచుతారు. విండోస్ కమాండు కిటికీకి ఒంటి ఉద్ధరణ అంటే తెలియదు. దానిని మామూలు అక్షరంగా భావించి వాక్యాన్ని ఖాళీల దగ్గర ముక్కలు చేస్తుంది. వెలుపల జంట ఉద్ధరణ చిహ్నాలు ఉంచి, లోపల పెర్ల్‌వారి ‘క్యూ’ లేక ‘క్యూక్యూ’ అనే గుర్తులు వాడితే చిక్కు తీరుతుంది. నక్షత్రపు గుర్తు వేసి ‘ఈ ఫోల్డరులోని ఫైళ్ళన్నీ’ అని చెప్పినా ఈ కిటికీ విడమరచదు. ఆ పనిని ప్రోగ్రాములోనే ‘గ్లాబ్’ అనే ఆదేశంతో చేయవలెను.

ఇక ఫైలు దారి. విండోస్‌వారు ఫోల్డరు పేర్ల మధ్య వెనుకకు వాలిన \ గీతను వాడుతారు. పెర్ల్‌లో జంట ఉద్ధరణల మధ్య ఆ గీతకు మహత్తు ఉన్నది. దాని వెంట ఆంగ్ల ‘ఎన్’ వస్తే క్రొత్త వరుస, ‘టి’ వస్తే ట్యాబు. మీ ఫోల్డరు పేరు ‘నేమ్స్’ అయితే దారి మధ్యలో వరుస తెగుతుంది. ‘తెలుగు’ అయితే ‘టి’తో మొదలవుతుంది కనుక మధ్యలో పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. అటువంటి ఫైలు లోకంలో ఎక్కడా ఉండదు. మందు సులభం. ముందుకు వాలిన / గీతను వాడండి. విండోస్‌పై కూడా పెర్ల్ దానిని నిరాక్షేపణీయంగా అంగీకరిస్తుంది. ఫైలు తెరిచే ప్రతి చోట ‘ఆర్ డై’ అని వ్రాసి, యంత్రం చెప్పే కారణాన్ని ముద్రింపజేయండి. ‘అనుమతి లేదు’ అని వస్తే, అదే ఫైలు ఎక్సెల్‌లో తెరచి ఉన్నదేమో చూడండి. ఒకరు తెరిచిన ఫైలును మరొకరు మార్చకుండా విండోస్ తాళం వేస్తుంది. మా ప్రయోగశాలలో ఈ మాట చెప్పిన దినం సగం మంది లేచి పోయి ఎక్సెల్ మూసివేశారు.

ప్రక్క ఫోల్డరులో కాదు, అదే ఫోల్డరులో తాము వ్రాసిన మాడ్యూలును పెర్ల్ గుర్తించడం లేదని మరికొందరు అంటారు. ఒకప్పుడు గుర్తించేది. 2017లో వచ్చిన 5.26వ వెర్షన్ నుండి భద్రతా కారణాలచేత ‘ప్రస్తుత ఫోల్డరు’ను వెదకే చోట్ల జాబితా నుండి తొలగించారు. ‘ఫైండ్‌బిన్’, ‘లిబ్’ అనే రెండిటి సహాయంతో ఆ చోటును మనమే చెప్పవలెను.

ఈ చిల్లర చిక్కులను ఇంతటితో విడిచి, మమ్ము నిజంగా ఆందోళనకు గురిచేసిన విషయానికి, అనగా అక్షరాల విషయానికి వస్తాం.

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ఉర్దూ అక్షరాలు అరబ్బీ లిపి విభాగంలో, 1536 నుండి 1791 వరకు గల స్థానాలలో ఉన్నవి. ఫైలులో నిలువచేసేటప్పుడు యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు, ఉర్దూ అక్షరానికి రెండు బైట్లు పడతాయి. ‘రహీం’ అనే పేరును చూడండి. ర, హ, దీర్ఘపు గుడి, సున్న, ఇవి నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. మనం పలికే అక్షరాలు మాత్రం రెండే. ‘లెంగ్త్’ అనే ఆదేశంతో పెర్ల్‌ను ఈ పేరు పొడవు అడగండి. పన్నెండు అని చెబితే, అది ఇంకా బైట్లనే చూస్తున్నది, మన భాష దానికి అందలేదు. నాలుగు అని చెబితే అందింది. విద్యార్థులకు మేము ముందుగా చేయించే పరీక్ష ఇదే. వెనుకటి పెద్దలు నాణెమును రాతిపై మ్రోగించి చూచినట్లు, ప్రోగ్రాము మొదటిలోనే ఒక పేరును మ్రోగించి చూడవలెను.

పన్నెండును నాలుగుగా మార్చడానికి మూడు చోట్ల ప్రకటన చేయవలెను. ప్రోగ్రాములోనే తెలుగు మాటలు వ్రాసినట్లయితే ‘యూజ్ యూటీఎఫ్8’ అని మొదట చెప్పవలెను. ఫైలును చదివేటప్పుడు ‘ఓపెన్’ ఆదేశంలో ‘ఎన్‌కోడింగ్’ పొరను పేర్కొనవలెను. వ్రాసేటప్పుడు కూడా అదే పొరను పేర్కొనవలెను; తెరపై ముద్రించడానికి ‘బిన్‌మోడ్’ వాడవలెను. ఈ మూడింటిలో చివరిదానిని మరచినప్పుడు ‘వైడ్ క్యారెక్టర్ ఇన్ ప్రింట్’ అనే హెచ్చరిక కనిపిస్తుంది. దానిని చూచి చాలామంది భయపడి హెచ్చరికలనే ఆపివేస్తారు. అది దొంగ వచ్చినప్పుడు మొరిగే కుక్క నోరు కట్టివేయడం వంటిది. విశాలమైన అక్షరం ఒకటి ఇరుకైన ద్వారంలోనుండి పోతున్నదని యంత్రం మనకు మేలుకోరి చెబుతున్నది; ద్వారాన్ని వెడల్పు చేయవలెను.

మన పేర్లు పాడైనట్లు కనిపించే సందర్భాలు మూడు విధాలు. యునానీ హకీము నాడి చూచినట్లు వీటి భేదాన్ని చూడగానే పట్టుకొనగలగడమే ఈ విద్యలో సగం.

అక్షరాల స్థానంలో చిన్న చిన్న పెట్టెలు కనిపిస్తే, లేదా గుణింతాలు, వత్తులు విడిపోయి కనిపిస్తే, పేరుకు ఏ ప్రమాదమూ లేదు. ఆ కిటికీకి తెలుగు అక్షరాలను కూర్చే నేర్పు లేదు, అంతే. విండోస్ పాత కమాండు కిటికీ ఇట్టిదే. ‘చెచ్‌సీపీ 65001’ అనే ఆదేశంతో దానిని యూటీఎఫ్-8కు మార్చవచ్చును. బైట్లు సరిగా పోతాయి, అయినను వత్తులు కుదురుగా కూర్చోవు. ఫలితాన్ని ఫైలులో వ్రాయించి నోట్‌ప్యాడ్‌లో తెరచి చూడండి. చక్కగా కనిపిస్తుంది. తెరను చూచి ప్రోగ్రామును దిద్దబోయి బాగున్నదానిని పాడుచేసినవారిని మేము ఎరుగుదుము.

రెండవ విధంలో, తలపై గీత గల ఆంగ్ల ‘ఏ’ అక్షరం, దాని ప్రక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే ‘ఏ’, ప్రక్కన కూడిక తీసివేతల జంట గుర్తు, ఇట్లా మంత్రాక్షరాల వలె బారులు తీరుతాయి. ఇది తెలుగు సరిగా నిలిచి ఉండి, తప్పుగా చదువబడుతున్నదనడానికి నిదర్శనం. ఎట్లనగా, యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం 224 అనే బైటుతో మొదలవుతుంది. రెండవ బైటు 176 గాని 177 గాని అవుతుంది. 1252 అనే పాశ్చాత్య పట్టిక ప్రకారం 224 అంటే ఆ గీత గల ‘ఏ’, 176 అంటే డిగ్రీ, 177 అంటే కూడిక తీసివేతల గుర్తు. కనుక ఈ ఆకృతి కనిపిస్తే సంతోషింపవలెను. రోగి బ్రతికే ఉన్నాడు. ఫైలును యూటీఎఫ్-8గా మళ్ళీ తెరిస్తే చాలును. ఎవరైనా ఆ తప్పు రూపాన్నే మళ్ళీ భద్రపరచి ఉంటే, ‘ఎన్‌కోడ్’ మాడ్యూలుతో 1252వ పట్టిక ద్వారా వెనుకకు పంపి, తిరిగి యూటీఎఫ్-8గా చదివింపవలెను. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ పట్టికలో ఐదు స్థానాలు ఖాళీగా ఉన్నవి: 129, 141, 143, 144, 157. మన ఉకారపు కొమ్ము చివరి బైటు 129. పొల్లు గుర్తు చివరి బైటు 141. తెలుగు వ్రాతలో ఇవి లేని వాక్యం అరుదు. అందువలన ఇట్లా కోలుకొన్న జాబితాను మనిషి కన్నులతో ఆమూలాగ్రం చదవనిదే పంపరాదు.

మూడవది ప్రశ్నార్థక చిహ్నం. ఇదే ప్రాణాంతకం. విండోస్‌లో పూర్వకాలపు పద్ధతి ఒకటి ఇంకా సజీవంగా ఉన్నది. ఆ పద్ధతిలో ఒక్కొక్క లిపికి 256 స్థానాల చిన్న పట్టిక ఉంటుంది. అరబ్బీ లిపికి 1256 అనే పట్టిక ఉన్నది. ఉర్దూకు అందులో కొంత ఆశ్రయం దొరుకుతుంది. తెలుగుకు మాత్రం అట్టి పట్టికను విండోస్ ఎన్నడూ ఇవ్వలేదు. మన లిపి విండోస్‌లోకి యూనికోడ్ ద్వారానే ప్రవేశించింది. తెలుగు అక్షరాన్ని పాత పట్టికలోకి బలవంతంగా నెట్టినప్పుడు, చోటు లేనందున విండోస్ దానిని తొలగించి 63వ సంకేతమైన ప్రశ్నార్థకాన్ని ఉంచుతుంది. ర అయినా, హ అయినా, క్ష అయినా ఒకటే ప్రశ్నార్థకం. ఏ పెర్ల్ ప్రోగ్రామూ, ఏ పండితుడూ దానినుండి పేరును తిరిగి రాబట్టలేడు. ఎక్సెల్‌లో జాబితాను మామూలు ‘సీఎస్‌వీ’గా భద్రపరచినప్పుడు జరిగేది సరిగా ఇదే. ఇటీవలి ఎక్సెల్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని వేరొక ఎంపిక ఉన్నది. ఆ ఒక్క మాటను ఎంచుకొనడంపై విద్యార్థి వేతనం ఆధారపడి ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

మా ప్రోగ్రాము చేసే పనిలో ప్రధానమైనది ఇదే. జాబితా కళాశాల గడప దాటకముందు ప్రతి పేరునూ పరీక్షించి, పేరులో 63వ సంకేతం గాని, చెడిన అక్షరానికి గుర్తుగా యూనికోడ్‌వారు నిర్ణయించిన 65533 గాని కనబడితే అక్కడితో ఆగి, వరుస సంఖ్యను చెబుతుంది. మూల ప్రతి ఇంకా మన చేతిలో ఉండగానే తెలియడం ముఖ్యం. తిరిగి వచ్చిన జాబితాను ఆ మూడు దినాలలో సరిచేయగలిగింది కూడా ప్రవేశ దరఖాస్తుల నుండి ఎక్కించిన మూల ఫైలు ఉన్నందువలననే. క్రమసంఖ్యనుబట్టి పెర్ల్ పేరును మూలంలో వెదకి ప్రశ్నార్థకాల స్థానంలో నిలిపింది.

‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకొన్న తరువాత మరొక విచిత్రం ఎదురవుతుంది. జాబితాలో అందరి పేర్లు దొరుకుతాయి, మొదటి వరుస ఒక్కటే దొరకదు. ఎంత వెదకినా దొరకదు. కంటికి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఫైలు మొట్టమొదట ఎక్సెల్ 239, 187, 191 అనే మూడు బైట్ల అదృశ్య ముద్రను వేస్తుంది. చదివినప్పుడు అది 65279 అనే సంకేతంగా మారి మొదటి మాటకు అతుక్కొని ఉంటుంది. మొదటి వరుస చదవగానే ఆ సంకేతాన్ని తుడిచివేసే వాక్యం ఒకటి ప్రోగ్రాములో ఉంచవలెను. తిరిగి ఎక్సెల్ కొరకు ఫైలు వ్రాసేటప్పుడు అదే ముద్రను మనమే వేయవలెను. లేనిచో ఎక్సెల్ మన తెలుగును ఇంతకుముందు చెప్పిన డిగ్రీ గుర్తుల మంత్రాలుగా చూపవచ్చును.

వరుస చివర గుర్తుల విషయం కొంత చెప్పవలసి ఉన్నది. టెలిప్రింటరు కాలంలో అచ్చుబండిని ఎడమకు తెచ్చుటకు ఒక సంకేతం, కాగితాన్ని పైకి జరుపుటకు ఒక సంకేతం ఉండేవి. అవే 13, 10. విండోస్ నేటికీ రెండూ వ్రాస్తుంది. యూనిక్స్ 10తోనే సరిపెట్టుకొంటుంది. విండోస్‌పై పెర్ల్ చదివేటప్పుడు 13ను తొలగించి, వ్రాసేటప్పుడు చేర్చి మధ్యవర్తిత్వం చేస్తుంది. అక్షరాల ఫైలుకు ఇది ఉపకారం. విద్యార్థి ఛాయాచిత్రపు ఫైలుకు ఇదే అపకారం. చిత్రంలో ఎక్కడ 10 అనే బైటు ఉన్నదో అక్కడల్లా ముందు 13 చేరి చిత్రం పనికిరాకుండా పోతుంది. అటువంటి ఫైలుకు ‘బిన్‌మోడ్’ తప్పనిసరి. ఇక్కడ తయారైన జాబితాను లినక్స్ యంత్రంపై చదివితే ప్రతి పేరు చివర 13 మిగిలిపోతుంది. ‘చాంప్’ దానిని తీయదు. 5.10వ వెర్షన్ నుండి ఉన్న ‘బ్యాక్‌స్లాష్ ఆర్’ అనే ఆకృతి ఏ విధమైన ముగింపునైనా పట్టుకొంటుంది.

ఫైలులోని తెలుగు సరే, ఫైలు పేరే తెలుగులో ఉంటే ఏమిటి గతి? విండోస్‌పై పెర్ల్ ఫైలు పేర్లను ఇప్పటికీ పాత చిన్న పట్టికల ద్వారానే అడుగుతుంది. తెలుగుకు పట్టిక లేదని మనవిచేశాం. కనుక ఫోల్డరులోని ఫైళ్ళ పేర్లను అడిగితే ప్రశ్నార్థకాలు వస్తాయి. ఆ పేరుతో తెరవబోతే ఫైలు దొరకదు. ‘విన్32 లాంగ్‌పాత్’ వంటి మాడ్యూళ్ళు దీనికి విరుగుడు. కళాశాల అవసరాలకు మాత్రం ఫైలుకు క్రమసంఖ్యనే పేరుగా పెట్టడం ఉత్తమమని మా అభిప్రాయం.

ఆంగ్లాక్షరాలలో తెలుగును వ్రాసి ఈ గండాన్ని దాటుదామన్నా మరొక గుంట ఉన్నది. భాషా పరిశోధకులు ‘డబ్ల్యూఎక్స్’ అనే లిప్యంతరీకరణను వాడుతారు. అందులో అకారానికి చిన్న ‘ఏ’, ఆకారానికి పెద్ద ‘ఏ’. చిన్నబడి, పెద్దబడి అక్షరాల భేదమే హ్రస్వదీర్ఘాల భేదం. మా శాఖలో పాత సంచికల పదసూచిక తయారుచేస్తూ ఒక్కొక్క పదానికి ఒక్కొక్క ఫైలు ఏర్పరచాలని విద్యార్థులు తలపెట్టినప్పుడు ఇది చర్చకు వచ్చింది. విండోస్ ఫైలు పేర్లలో చిన్నబడి, పెద్దబడి భేదాన్ని మామూలుగా పాటించదు. ‘కలం’, ‘కాలం’ రెండూ దానికి ఒకే ఫైలు. పదాలను వరుసగా వ్రాసుకొంటూ పోతే కాలం వచ్చి కలాన్ని చెరిపివేస్తుంది. పెర్ల్ ఒక్క హెచ్చరికయైనా చేయదు, ఎందుకనగా దాని దృష్టిలో తప్పేమీ జరుగలేదు. లినక్స్‌పై ఇదే ప్రోగ్రాము నిర్దోషంగా నడుస్తుంది. పదాలన్నిటినీ ఒకే ఫైలులో, పెర్ల్‌వారి ‘హ్యాష్’లో కూర్చి ఉంచడమే మార్గమని నిర్ణయించాం.

పదసూచిక సందర్భంగా తెలిసిన మరి రెండు సంగతులు మన రెండు భాషలవారికీ ఉపయోగపడతాయి. తెలుగులో ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో వత్తు పడకుండా ఆపడానికి 8204 అనే అదృశ్య సంకేతాన్ని మధ్యలో ఉంచుతాం. కొందరు టైపు చేసినప్పుడు అది మాట చివర కూడా మిగిలిపోతుంది. కంటికి రెండు మాటలూ ఒకటే, పెర్ల్‌కు వేరు. ఉర్దూలో ‘యే’కు 1740, అరబ్బీ ‘యే’కు 1610, ఉర్దూ ‘కాఫ్’కు 1705, అరబ్బీ ‘కాఫ్’కు 1603. అరబ్బీ కీబోర్డుతో వ్రాసిన ‘కరీం’, ఉర్దూ కీబోర్డుతో వ్రాసిన ‘కరీం’ యంత్రానికి ఇద్దరు మనుషులు. పోల్చిచూచేముందు రెండు పేర్లనూ ఒకే రూపానికి తెచ్చే వాక్యాలు ప్రోగ్రాములో ఉంచవలెను. ఇందుకు పెర్ల్‌లో నాలుగు వరుసలు చాలును.

ఛందస్సుపై అభిరుచి గల విద్యార్థులకు ఒక మాట. గురులఘువులను పెర్ల్‌తో గుర్తించవచ్చునా అని కొందరు అడిగారు. తప్పక గుర్తించవచ్చును, అయితే అక్షరమంటే ఏమిటో యంత్రానికి మనమే నిర్వచించి చెప్పవలెను. ‘స్త్రీ’ అనేది మనకు ఒకే అక్షరం, యూనికోడ్‌కు ఆరు సంకేతాలు. పెర్ల్‌లో అక్షర సముదాయాన్ని పట్టే ‘బ్యాక్‌స్లాష్ ఎక్స్’ అనే ఆకృతి చాలా వెర్షన్లలో దీనిని మూడు ముక్కలుగా లెక్కిస్తుంది. హల్లు, పొల్లు జంటలు ఎన్నియైనా, ఆపైన హల్లు, గుణింతం, సున్న లేక విసర్గ అని మన వ్యాకరణం చెప్పిన క్రమాన్నే ఆకృతిగా వ్రాసుకొంటే సమస్య తీరుతుంది.

ఉద్యోగాల మాట కూడా విద్యార్థులు అడుగుతుంటారు. హైటెక్ సిటీలో నేడు పైథాన్, జావా భాషలకు గిరాకి అధికం. కేవలం పెర్ల్ నేర్చి ఉద్యోగానికి వెళ్ళమని మేము చెప్పము. చిప్‌ల రూపకల్పన చేసే సంస్థలలోను, పాత వ్యవస్థలను కాపాడే విభాగాలలోను పెర్ల్ స్క్రిప్టులు ఇంకా నడుస్తున్నవి. పైగా ఇక్కడ చెప్పిన చిక్కులలో అదృశ్య ముద్ర, వరుస ముగింపు, ప్రశ్నార్థకం పైథాన్‌లోనూ తప్పవు.

చివరకు ప్రోగ్రాము పరిష్కరించలేని ఒక సంగతి మిగిలింది. ఒకే విద్యార్థి పేరు దరఖాస్తులో ‘మహమ్మద్’ అని, మార్కుల పత్రంలో ‘ముహమ్మద్’ అని, బ్యాంకు పుస్తకంలో ‘మొహమ్మద్’ అని ఉంటుంది. బైట్లన్నీ సవ్యమే, పట్టికలన్నీ సవ్యమే. ఈ మూడింటినీ ఒకటిగా కలిపివేయడం పెర్ల్‌కు ఒక్క వరుస పని. ఆ వరుసను మేము వ్రాయలేదు. వేరు వేరు ఇద్దరు విద్యార్థులు ఒకటైపోయే ప్రమాదం ఉన్నది. అటువంటి పేర్లను ప్రోగ్రాము మరొక ఫైలులో చేర్చుతుంది. కార్యాలయపు గుమాస్తాగారు ఆ ఫైలును ముద్రించి నోటీసు బోర్డుపై ఉంచుతారు. విద్యార్థులు వచ్చి తమ పేరు ఎట్లా వ్రాయవలెనో తామే చెప్పి సంతకం చేసి పోతారు.